వారం ఆలస్యంగా వచ్చిన పట్టుగుడ్లు

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి తల్లీ. మోకాళ్లు పట్టేసేవాళ్లు గోడకు ఆనుకుని కాళ్లు చాపుకోండి, నా ఈడువాళ్ల దగ్గర నాకేమీ మొహమాటం లేదు. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. నేను కూడా పని చేసుకుంటూ కథలు చెప్పడం అలవాటైనదాన్నే. బళ్లో నేను చదివింది మూడో తరగతి దాకా, అదీ కన్నడంలో. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించినవి. అందుకని మాట తీరులో తప్పులుంటే మీరే సర్దుకోండి గానీ, చెప్పే సంగతిలో మాత్రం తప్పుండదు. ఒకసారి విన్నది నాకు మరపు రాదు. మరపు రాకపోవడం కూడా ఒక జబ్బేనని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

పోయిన ఆదివారం బెంగళూరు నుంచి మా మనవరాలు వచ్చింది. అక్కడేదో ఆఫీసులో పని. అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫోను మీద వేలు జరుపుకుంటూ, వచ్చే శని ఆదివారాలు మైసూరు పోదామని ప్రయాణం కట్టింది. అరగంట కూడా పట్టలేదమ్మా దానికి. కారు చెప్పేసింది, ఉండడానికి గది చెప్పేసింది. తాను, వాళ్ల అమ్మ, నాయన, తమ్ముడు, నలుగురు. నేను గడప పక్కన చేట ముందు పెట్టుకుని వేరుశనక్కాయలు వలుస్తున్నాను. మా కొడుకు, ఎంతైనా కన్నకొడుకు కదా, అవ్వను కూడా పిలవమని ఒక మాట అన్నాడు. ఆ పిల్ల ఫోను మీది నుంచి తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"అవ్వ యప్పుడో చూసొచ్చినాది కదా నాయినా! అరమనెలో స్తంభాలు ఎన్ని ఉండాయో కూడా నోటికి చెప్తాది. ఈ మోకాళ్లతో మళ్లీ ఆ కొండకి వచ్చి యాం చేస్తాది?"

పాపం, ఆ పిల్ల మాటలో కల్మషం లేదు. మావైపు రాజభవనాన్ని కన్నడంలోలాగా అరమనె అనే అంటాం. ఆ మాట చెవిన పడగానే నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే, మీకు చెబుతున్నాను, నేను మైసూరు చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.

నాకు పెళ్లయి మూడో యేడు అది. ఇంకా పిల్లలు లేరు. పరగోడు పక్కన మా అత్తగారి పల్లె. ఇంట్లో అత్త, బావ, అక్క, వాళ్ల పిల్లలిద్దరు, మా ఆయన, నేను. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, బావగారి భార్య, నా తోడికోడలు. కానీ ఆ మూడేళ్లలో నేను తోడబుట్టినవాళ్లను మరిచేంతగా ఆమెను అక్కా అక్కా అని పట్టుకుని తిరిగాను. తల దువ్వాలన్నా ఆమే, కడుపులో మాట చెప్పుకోవాలన్నా ఆమే. గూళూరు ఆమె పుట్టిల్లు. మనిషి చలాకీ, మాట చలాకీ, ఆమె నవ్వితే అత్త కూడా కోపం మరిచిపోయేది.

ఆ రోజుల్లో మా ఇంట్లో పట్టుపురుగులు ఉండేవి. ఇప్పటిలాగా తోటలో వేరే షెడ్లు లేవు. మనుషులున్న ఇంట్లోనే పురుగులూ ఉండేవి. అసలు చెప్పాలంటే పురుగులున్న ఇంట్లో మనుషులు ఉండేవాళ్లు. నడిమింట్లో, వసారాలో వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి నిలువెత్తు పేర్చి ఉంటే, మేము అరుగు మీద సర్దుకునేవాళ్లం. మిరపకాయ ఘాటు పురుగుకు పడదని తిరగమోత వాకిట్లో పెట్టేవాళ్లం. కొత్తవాళ్లు ఇంటికి వస్తే కాళ్లు కడుక్కోనిదే లోపలికి రానిచ్చేవాళ్లం కాదు. అక్కా నేనూ ఎదురెదురుగా కూర్చుని మల్బరీ ఆకు సన్నగా తరిగేవాళ్లం. మా మైసూరు పుట్టింది ఆ ఆకు తరిగే చోటే.

మూడో తరగతి పుస్తకంలో మైసూరు పాఠం ఒకటి ఉండేది, అరమనె బొమ్మతో. మా మేష్ట్రు ఆ బొమ్మను చూపించి, ఆదివారం సాయంత్రం దానికి వేలకు వేల దీపాలు పెడతారని, ఆ వెలుతురులో అరమనె బంగారంతో పోత పోసినట్టు ఉంటుందని చెప్పారు. మరుసటి యేడు నన్ను బడి మాన్పించారు. పుస్తకం కూడా తిరిగి ఇచ్చేయమన్నారు, పిన్నమ్మ కూతురికి కావాలని. బొమ్మ పోయింది గానీ ఆ దీపాలు మాత్రం నా కళ్లలోంచి పోలేదు. ఆ మాట నేను మొదటిసారి బయటపెట్టింది అక్క దగ్గరే. ఆమె కత్తిపీట ఆపి, "పోదాం లే అమ్మీ, దానికేముండాది!" అన్నది. ఎంత సులువుగా అన్నదో! ఆ ఒక్క మాటకు నేను ఏడాదిపాటు ఆమె చీరలు కూడా ఉతికిపెట్టాను.

ఆ యేడంతా నేను మైసూరును పోగుచేసుకున్నాను. ఊళ్లోకి ఎవరొచ్చినా అడిగేదాన్ని. బస్సు కండక్టరు బెంగళూరు దాటి ఎన్ని ఊళ్లు తగులుతాయో చెప్పాడు. పెళ్లి బట్టలకు పోయివచ్చిన ఒక శెట్టిగారి భార్య, కొండ మీది అమ్మవారిని పొద్దున్నే చూసేయాలని, ఎండెక్కితే రాళ్లు కాలుతాయని చెప్పింది. అరమనె దగ్గర చెప్పులు బయట విడవాలి కాబట్టి పాత చెప్పులే వేసుకుపోవాలని ఇంకెవరో చెప్పారు. ఇవన్నీ కూర్చి నేనొక వరస వేసుకున్నాను. శనివారం తెల్లవారుజామున బయలుదేరాలి, దారిలో శ్రీరంగపట్నం కోట, దేవళం, సాయంత్రం ఆనకట్ట కింది తోటలో రంగుదీపాల నీళ్ల ఆటలు. ఆదివారం పొద్దున్నే కొండ, ఎండకు ముందే అరమనె లోపల, మధ్యాహ్నం జంతువుల తోట, పొద్దుగూకేసరికి మళ్లీ అరమనె ముందుకు వచ్చి నిలబడాలి. దీపాల కోసం. దారిలో తినడానికి చిత్రాన్నం, రెండో రోజుకు జొన్నరొట్టెలు, చట్నీపొడి. వీటిలో ఒక్కటి కూడా కాగితం మీద రాయలేదు. అక్కకు అన్నీ ఒప్పజెప్పేదాన్ని. ఆమె తల ఊపుతూ వినేది.

పేరేసంద్రలో బావకు వరసకు తమ్ముడొకడు ఉండేవాడు. కూరగాయలు తోలే మెటాడోరు వ్యాను అతనిది. అతను ఒక శని ఆదివారాలు చూసి, తన ఇంటివాళ్లతో పాటు మావాళ్లను కూడా తీసుకుపోతానన్నాడు. మా ఇంటికి అయిదుగురికి చోటు. బావ, అక్క, పిల్లలిద్దరు, అయిదో చోటు నాది. మా ఆయన, పశువుల దగ్గర అమ్మ దగ్గర ఎవరైనా ఉండాలి కదా అని, తన చోటు తనే వదులుకున్నారు. నేను ఒట్టి మాటకైనా మీరే పొండి అనలేదు చూడండి, అంత ఆశ నాది.

ఇక పురుగుల లెక్క. పురుగులను పెంచినవాళ్లకు ఈ లెక్క తెలుసు, తెలియనివాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. గుడ్డు పగిలిన నాటి నుంచి పురుగు పండడానికి ఇరవై అయిదు, ఇరవై ఆరు రోజులు. పండడమంటే, ఆకు తినడం మాని, ఒళ్లు పసుపురంగుకు తిరిగి, వెలుతురుకు పట్టి చూస్తే లోపల మసక మసకగా కనబడుతుంది. అప్పుడు దాన్ని ఏరి చంద్రిక మీద, అంటే వెదురుతో చుట్టలు చుట్టలుగా అల్లిన చాప మీద వదలాలి. ముందే ఏరితే గూడు కట్టదు, ఆలస్యమైతే తట్టలోనే దారం కక్కి పాడైపోతుంది. ఆ రెండు రోజులు ఇంట్లో మనిషన్నవాడు కదలడానికి లేదు. గూడు కట్టి గట్టిపడడానికి ఇంకో అయిదారు రోజులు. నేను వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టి, ఫలానా శనివారం చింతామణి రేష్మె ఆఫీసు, అంటే పట్టు ఆఫీసు నుంచి గుడ్లు అంటిన కాగితాలు తెస్తే, మైసూరు శనివారానికి రెండు రోజుల ముందే గూళ్లు కోసి మార్కెట్టుకు పోతాయని తేల్చాను. మూడుసార్లు లెక్కవేశాను. గుడ్లు తెచ్చేది బావ. ఆయనతో నేను ఎదురుగా నిలబడి మాట్లాడే రోజులు కావవి. అందుకని అక్కకు చెప్పాను. ఆమె బావకు చెప్పాలి.

ఆ శనివారం బావ వట్టి చేతులతో వచ్చారు. గుడ్లు లేవన్నారంట, వచ్చే శనివారం ఇస్తారంట, అని అక్క వచ్చి చెప్పింది. సరిగ్గా వారం. వేళ్లు మడిచి చూస్తే పురుగు పండేది మైసూరు శుక్రవారం నాడు, శనివారం నాడు. ప్రయాణం మార్చుకుందామంటే వ్యాను ఆ రెండు రోజులే ఖాళీ. అక్క నా గడ్డం పట్టుకుని, చలికి పురుగు వెనకబడుతుందిలే, అప్పుడు చూద్దాంలే అని బుజ్జగించింది. నేను నమ్మాను. నమ్మి, ఆ నెల రోజులు పురుగులకు ఎంత మొక్కానో! మామూలుగా ఆడవాళ్లు పంట బాగా రావాలని మొక్కుతారు. నేను పంట ఆలస్యంగా రావాలని మొక్కాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆకు వేయడానికి పోతే, పై తట్టలో ఒక పురుగు తల పైకెత్తి అటూ ఇటూ వెతుక్కుంటోంది. తీసి కిటికీ వెలుతురుకు పట్టాను. దాని ఒంట్లోంచి అవతలి నా వేలు కనబడింది. పండిన పురుగును చూస్తే ఎవరైనా సంతోషపడతారు, మా అత్త అయితే కళ్లకద్దుకుంటుంది. దాన్ని చూసి ఏడ్చినదాన్ని ఈ తాలూకాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. దాన్ని మళ్లీ ఆకుల కింద దాచేద్దామా అని కూడా అనిపించింది. దాచి ఎన్నింటిని దాచను? పొద్దు వాలేసరికి ప్రతి తట్టలోనూ తలలు లేచాయి.

అత్త నా ముఖం చూసింది. కూలికి ఇద్దరు ఆడవాళ్లను పిలిపించి చూసుకుంటాలే, పిల్లను పోనీ అని అనబోయింది. అక్కే అడ్డం వచ్చింది.

"కూలివాళ్లకు యాడ తెలుస్తాదత్తా, యాది పండిందో యాది పండలేదో? దీని చెయ్యి పడితే ఒక్క పురుగు చెడదు. అమ్మీ, నీ అంత చెయ్యి ఈ ఊళ్లో ఎవరికుండాది చెప్పు!"

ఆ పొగడ్తకు నేను పొంగిపోయానమ్మా. ఏడుపు మధ్యలోనే పొంగిపోయాను. అవును కదా, నా చెయ్యి లేకపోతే ఎట్లా అనుకున్నాను. తాళ్లతో కట్టేసేవాళ్లుంటారు, మెచ్చుకోలుతో కట్టేసేవాళ్లుంటారు, రెండోవాళ్ల దగ్గర మనమే చేతులు చాస్తాం.

ఆ సాయంత్రమే గూళూరు నుంచి అక్క చెల్లెలు దిగింది. ఊరికే అక్కను చూసిపోదామని వచ్చిందంట. తలంటు పోసుకుని ఉంది. చేతిలో బుట్ట, బుట్టలో కొత్త చీర, దానికి జతగా కొత్తగా కుట్టించిన రవిక. ఎట్లాగూ చోటు ఖాళీ అయింది కదా, వచ్చిన పిల్లను వదిలిపోతామా అని, తెల్లవారుజామున ఆ అయిదో చోటులో ఆమెను కూర్చోబెట్టుకుని పోయారు. చిత్రాన్నం నేనే కలిపి ఇచ్చాను. ఆదివారం దీపాలు మరిచిపోవద్దని అక్కకు మళ్లీ ఒకసారి చెప్పాను. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి చూసి, లోపలికి పోయి తట్టల ముందు కూర్చున్నాను. మా ఆయన చంద్రికలు దించి ఇస్తూ నా వైపు చూడకుండా అన్నారు.

"మైసూరు యాడికీ పోదులే. ఇంకో పంటకి పోదాం."

అక్క తిరిగి వచ్చి నాకు మైసూరు పాకు పొట్లం, అరమనె బొమ్మున్న కార్డు ఇచ్చింది. రోజూ ఆకు తరుగుతూ చూసినవన్నీ చెప్పింది. నా వరసనే తప్పకుండా పోయారంట, పేరేసంద్ర వాళ్లంతా ఎంత చక్కగా చూపించావమ్మా అని అక్కను మెచ్చుకున్నారంట. దీపాలు ఒక్కసారిగా వెలిగినప్పుడు జనమంతా ఓ అని అరిచారంట. లోపల పచ్చటి, నీలపు స్తంభాలు, పైకప్పులో రంగుల అద్దాల నెమళ్లు, కొండ మీది రాతి నంది మెడలోని గంటలు. నేను నోరు తెరుచుకుని విన్నాను, అడిగిందే అడిగాను. పాకు కూడా కొంచెం కొంచెంగా వారం రోజులు తిన్నాను. ఆ సంవత్సరం మా పట్టుగూళ్లకు మంచి పేరు వచ్చింది. ఒక్క పురుగు చెడలేదు.

తరువాతి యేడు ఒకనాడు ఆకు చాలక తర్జనభర్జన పడుతుంటే, వసారాలో అత్తతో మాట్లాడుతూ బావ అన్న మాట నా చెవిన పడింది. ఆయన ఏమీ దాచినవారు కాదు, దాచాలని తెలియనే తెలియదు.

"పోయినేడు మైసూరు పోయినప్పుడు కూడా అంతే కదమ్మా. ఆ శనివారం ఆఫీసులో గుడ్లు కావాల్సినన్ని ఉండె. నీ పెద్దకోడలే, ఆకు ఇంకా ముదరల్యా, వచ్చే వారం తీసుకోరాపో అనింది."

గోడ ఇవతల నేను తట్ట ఊడుస్తున్నాను. చీపురు ఆగిపోయింది. అప్పుడు ఒక్కొక్కటే వచ్చి నా ముందు కూర్చున్నాయి. ఆ తలంటు. ఆ బుట్ట. ఆ రవిక. బాగేపల్లి దర్జీ ఆ రోజుల్లో రవిక కుట్టడానికి పది రోజులు తీసుకునేవాడమ్మా! ఊరికే చూసిపోదామని వచ్చిన పిల్ల పది రోజుల ముందే రవిక కుట్టడానికి ఇచ్చింది. అక్క నా లెక్కను నా నోటి నుంచే నేర్చుకుని, ఒక్క వారం జరిపింది, అంతే. నేను వేళ్లు మడిచి చూపించకపోయి ఉంటే ఆమెకు ఎన్నాళ్లు జరపాలో కూడా తెలిసేది కాదు.

ఆ సాయంత్రం ఆకు తరిగే చోట అడిగాను. జీవితంలో ఒక్కసారే అడిగాను.

"ఆ శనివారం గుడ్లు ఉండెనంట కదక్కా?"

ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆగలేదు. "యా శనివారం?" అన్నది. ఆకు సన్నగా పడుతూనే ఉండింది. చెల్లెలి మీది ప్రేమతో చేసి ఉండొచ్చు, అడిగి ఉంటే నేనే ఇచ్చి ఉంటానేమో కూడా. అడగలేదు. ఏడాది పాటు తల ఊపుతూ విన్నది, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇంకో పంట, ఇంకో పంట అంటూనే పిల్లలు పుట్టారు, బావి ఎండిపోయింది, బోరు వేశాం, ఆ బోరు కూడా ఎండిపోయింది. మా కొడుకు బళ్లో ఒకరోజు, ఎవరెవరి ఇళ్లల్లో మైసూరు చూసినవాళ్లు ఉన్నారని అడిగారంట. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి, నువ్వు చూసినావు కదమ్మా, పెద్దమ్మతో పోయినావు కదా, అన్నీ చెప్తావు కదా అని నా కొంగు పట్టుకున్నాడు. వాడి ముఖంలో ఎంత గొప్ప కనబడిందో! నేను "ఊ" అన్నాను. అంతే, ఒక్క ఊ. ఆ తరువాత ఆ కథ నాదే అయిపోయింది. పిల్లలకు చెప్పాను, మనవలకు చెప్పాను, అన్నం తినిపిస్తూ స్తంభాలు లెక్కపెట్టాను, దీపాలు వెలిగించాను. ఎంత బాగా చెప్పానంటే, నన్ను మైసూరు తీసుకుపోవాలని ఈ ఇంట్లో ఎవరికీ తోచకుండా పోయింది.

ఇప్పుడు మళ్లీ పోయిన ఆదివారానికి రండి. మా మనవరాలు నా పక్కకు వచ్చి కూర్చుని, ఏది ముందు చూడాలో చెప్పమని అడిగింది. చెప్పాను. శ్రీరంగపట్నం, తోట, పొద్దున్నే కొండ, పాత చెప్పులు, పొద్దుగూకేసరికి దీపాలు. నేను చెప్పింది చెప్పినట్టు ఫోనులో ఎక్కించుకుంది. నా వరస ఆ విధంగా రెండోసారి మైసూరుకు బయలుదేరింది. వాకిట్లో అవతలి వైపు అక్క మంచం మీద కూర్చుని ఆకువక్క వేసుకుంటోంది. బావ పోయారు, మా ఆయన కూడా పోయారు, ఇల్లు మధ్యలో గోడతో రెండయింది గానీ వాకిలి ఒక్కటే. పిల్ల నా పక్క నుంచే ఆమెకు కేక వేసింది.

"పెద్దవ్వా! నువ్వూ మా అవ్వా కలిసే కదా మైసూరు పోయినారు?"

అక్క ముఖం మా వైపు తిరిగింది. ఇన్నేళ్ల తరువాత నేను ఆ ముఖంలోకి నేరుగా చూశాను. ఒక్క మాట చాలు. లేదమ్మా, మీ అవ్వ రాలేదు, తీసుకపో అంటే చాలు. నా అబద్ధం బయటపడినా పడనీ అనుకున్నాను, చేట పక్కన పెట్టేశాను కూడా.

"ఊ" అన్నది అక్క.

మనవరాలి ముందు నా మాట నిలబెట్టడానికే అన్నదని అనుకుందామని చాలా ప్రయత్నించాను. మనసు ఒప్పుకోలేదు. నేను రాలేదంటే, ఎందుకు రాలేదని ఆ పిల్ల అడుగుతుంది. అక్కడ ఆ శనివారం ఉంది. ఆమె తన శనివారాన్ని కాపాడుకుంది. నేను చేట మళ్లీ దగ్గరికి లాక్కున్నాను.

కాలం ఎంత మారింది చూడండి. ఇప్పుడు పురుగులు ఇంట్లో లేవు. చిన్నపురుగులను ఎక్కడో పెంచి తెచ్చి ఇస్తారు, తోటలో షెడ్డులో కొమ్మలు కొమ్మలుగా ఆకు వేస్తారు. ఏ పురుగు పండిందో వెలుతురుకు పట్టి చూసే ఓపిక ఎవరికుంది, ఆ చెయ్యి కావాలని ఎవరడుగుతారు? ప్రయాణం కట్టుకోవడానికి వేళ్లు మడిచి నెల వెనక్కి లెక్కపెట్టే పని కూడా లేదు, అరగంటలో అయిపోతుంది. ఇంట్లో ఒకరిని వదిలిపోవలసిన అవసరమే లేదిప్పుడు. అయినా ఒకరు మిగిలిపోతూనే ఉన్నారు. మా ఆయన అన్నట్టే మైసూరు ఎక్కడికీ పోలేదు. నేనూ పోలేదు.

రేపు శనివారం. తెల్లవారుజామున వాళ్లకు చిత్రాన్నం కలిపి ఇవ్వాలి, నిమ్మకాయలు పిండి పెట్టుకున్నాను, నేను లేస్తాను, మీరు కూడా లేవండి. మీ ఇంట్లో ఎప్పుడు ప్రయాణం కట్టినా, గడప పక్కన చేట పట్టుకుని కూర్చున్న మనిషిని ఒక్కసారి నోరు తెరిచి అడిగే బుద్ధి మీ పిల్లలకు కలగాలి. మీ నోటి నుంచి విన్నదాన్ని మీకు ఎదురు తిప్పేవాళ్లు మీ వంటింట్లో ఉండకూడదు. మీ వాకిట్లో నుంచి కదిలే బండిలో మీ అందరికీ చోటుండాలి, అందరూ చూసి, అందరూ చల్లగా తిరిగి రావాలి.